దవడకు ఆనించిన రంపం

సుత్తి దెబ్బకు లేవని పిల్ల అని ఆ వీధిలో ఆ పసిదానికి పేరు పడింది.

ఇల్లు రెండే గదులు. ముందు గదిలో రంపాలు తయారయ్యేవి, వెనక గదిలో మనుషులు ఉండేవారు. రెంటికీ మధ్య తలుపు లేని గుమ్మం. ముందు గదిలో మామగారు దాగలి మీద ఉక్కు రేకు పెట్టి సుత్తితో కొడుతుంటే వెనక గదిలో అలమరలోని గిన్నెలు ఒకదానికొకటి తగిలి పళ్ళు కొరికేవి. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు కోడలు ఆ మోతకు నెల రోజులు తలకు గుడ్డ కట్టుకుని తిరిగింది. అలాంటి మోతలో మూడు నెలల పిల్ల ఉయ్యాలలో గుప్పిళ్ళు బిగించుకుని, నోరు కాస్త తెరుచుకుని, చీకూ చింతా లేకుండా పడుకునేది.

"పనివాళ్ళ ఇంటి పిల్లమ్మా. అమ్మ కడుపులో ఉండగానే అలవాటు పడిపోయింది," అనేవారు మామగారు ఉయ్యాలలోకి తొంగి చూసి. "ఇది పిల్ల కాదు, గుండ్రాయి. పక్కన పిడుగు పడ్డా కదలదు."

ఆ మాటే పేరైపోయింది. వచ్చినవాళ్ళంతా "గుండ్రాయి ఏం చేస్తోంది?" అని అడగడం, బుగ్గ పుణకడం. పెట్టిన పేరు కాగితాల్లోనే ఉండిపోయింది.

కోడలిది మొదటి నుంచీ భయపడే గుణం. తొమ్మిదో తరగతి సగంలో బడి మాన్పించారు, పంతొమ్మిదో ఏట పెళ్ళి చేశారు, ఏడాది తిరిగేసరికి తల్లయింది. పిల్ల పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందా అని చూసేది. పాలు కక్కితే ఒక భయం, కక్కకపోతే ఇంకో భయం. ముందు గదిలోని కొలిమి, నూనె తొట్టి, పళ్ళు పెట్టిన రేకులు అన్నీ తన పిల్లను కోయడానికో కాల్చడానికో కాచుకుని కూర్చున్నట్టు ఉండేవి ఆమెకు. "నీ భయాలన్నీ మూట కడితే మొయ్యడానికి బండి కావాలే," అని భర్త నవ్వేవాడు. అందుకే నిజంగా భయపడాల్సింది వచ్చినప్పుడు ఆమె మాటను ఆ ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఆమె కూడా.

మామగారి రంపానికి వడ్రంగుల్లో పెద్ద పేరు. ఉక్కు రేకును కత్తిరించి, కొలిమిలో ఎర్రగా కాల్చి, నూనెలో ముంచుతారు. అప్పుడది గాజులా పెళుసు, చెయ్యి జారితే ముక్కలే. మళ్ళీ సన్న సెగ మీద పెట్టి, ఎండుగడ్డి రంగు దాటి నీలం తిరిగే దాకా ఓపిగ్గా కాచి తీస్తారు. ఆ తర్వాత దాగలి మీద సుత్తి పని. కంటికి చదునుగా కనిపించే రేకులోనే ఒకచోట బిగువు, ఒకచోట వదులు దాక్కుని ఉంటాయి. నడుమ సాగగొట్టి అంచులు బిగువుగా ఉంచితేనే వంచి వదిలిన రంపం మళ్ళీ నిటారుగా నిలబడుతుంది. ఆకురాయితో పళ్ళు పెట్టడం, ఒక పన్ను కుడికి, ఒక పన్ను ఎడమకు వంచడం ఆ తర్వాత. అదీ అయ్యాక కొడుకు చెక్కిన కొయ్య పిడిలోకి రేకును దించి ఇత్తడి మరలతో బిగిస్తారు.

అంతా అయ్యాక చివరిది వినడం. రంపం కొసను కొంచెం వంచి పట్టి, వేలి కణుపుతో రేకు మీద కొట్టాలి. బిగువు కుదిరిన రంపం సన్నగా, చాలాసేపు మోగుతుంది. కుదరనిది డొక్కు డబ్బాలా ఒక్కసారి టప్పుమని ఊరుకుంటుంది. "పాడిన రంపం కోస్తుంది, మూలిగిన రంపం ఇరుక్కుంటుంది" అన్నది ఆ ఇంటి మాట. మామగారు విని తల ఊపనిదే ఏ రంపమూ గుమ్మం దాటేది కాదు. ఆయన వినే తీరు కూడా వేరు. పిడి పైకొమ్మును దవడకు ఆనించుకుని, కళ్ళు మూసుకుని, కణుపుతో ఒక్కటి కొట్టేవారు. అలా పట్టుకోవడం మూడేళ్ళ నుంచే. "దవడకు ఆనిస్తే దాని కడుపులో మాట కూడా తెలుస్తుందిరా," అని కొడుకుకు చెప్పేవారు. కొడుకూ అలాగే దవడకు ఆనించడం నేర్చుకున్నాడు. చూసిన వడ్రంగులు పెద్దాయన రంపంతో గుసగుసలాడతాడని చెప్పుకునేవారు.

పిల్లకు ఏడో నెలలో, ఎదురింటి మిషనక్క కత్తెర సాన పట్టించుకోవడానికి వచ్చింది. బట్టలు కుట్టే మనిషి, ఉన్న మాట మొహం మీద అనే మనిషి. కత్తెర అయ్యేదాకా పిల్ల వెనక నిలబడి చేతి గాజులు గలగలలాడించింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు.

"ఏమే, నీ కూతురికి నా గాజులంటే గిట్టదా?"

"దానికి సుత్తి మోతే జోలపాట అక్కా. గాజులేం లెక్క?"

"అదేమో. మావాడు ఈ వయసులో గాజు చప్పుడైతే పాలు వదిలేసి మరీ తిరిగేవాడు. ఒకసారి ఎక్కడన్నా చూపించరాదూ."

కోడలు గుమ్మం దాకా వెళ్ళి ఆమెను సాగనంపింది. మిషనక్క వెళ్ళాక గిన్నె మీద గరిటెతో కొట్టి చూసింది. చప్పట్లు కొట్టి చూసింది. పిల్ల ఒకసారి తిరిగింది, రెండుసార్లు తిరగలేదు. తిరిగినప్పుడు చప్పుడుకు తిరిగిందో, గోడ మీద కదిలిన నీడకు తిరిగిందో అర్థం కాలేదు. భర్తతో చెబితే పిడి చెక్కుతున్నవాడు తల ఎత్తకుండానే అన్నాడు.

"మిషనక్కకి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకునేలోపు పది జబ్బులు కనిపిస్తాయి. మన ఇంట్లో నాన్న చెవి ఉండగా డాక్టరు చెవి ఎందుకే? నాన్ననే అడుగు."

ఆమెకూ అది సబబుగానే తోచింది. తొమ్మిదో తరగతి కూడా దాటని తనకంటే, మిషనక్కకంటే, ఉక్కులో దాక్కున్న వదులును పట్టుకునే చెవికి ఎక్కువ తెలియదా? ఆయన ఎదుట నిలబడి, ఒక్కసారి చూసి చెప్పండి మామయ్యా అని అడిగింది.

మామగారు నవ్వి పిల్లను ఎత్తి పనిబల్ల మీద కూర్చోబెట్టారు. నడుము పట్టుకోమని కోడలికి చెప్పారు. బల్ల రెండో కొసన, పిల్ల వీపు వెనక, బల్లకు బిగించిన వైసు పట్టులో ఒక రేకు ఉంది. చిన్న సుత్తితో దాని మీద కొట్టారు. రేకు ఖంగున మోగింది. పిల్ల ఒళ్ళంతా తిప్పి అటు చూసింది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ చూసింది, ఈసారి బోసినోటితో నవ్వింది కూడా.

"చూశావా అమ్మా? రంపాల ఇంటి పిల్ల రంపానికి తిరగకుండా ఉంటుందా?"

"నిజంగా వింటోందా మామయ్యా? నా తృప్తి కోసం అనడం లేదు కదా?"

"నా చెవి ఎప్పుడైనా తప్పిందా?"

తప్పలేదు. ఆ ఇంట్లో ఆ మాటకు ఎదురు లేదు. కోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుని, మిషనక్కకు నాలుగు మాటలు మనసులోనే తగిలించి, పిల్లను చంకనేసుకుని లోపలికి పోయింది. ఆస్పత్రి మాట అక్కడితో ముగిసింది.

ఎనిమిదో నెల వచ్చింది, పదో నెల వచ్చింది. పిల్ల పాకింది, గోడ పట్టుకుని నిలబడింది, ఏడాది నిండకుండానే నడిచింది. నడక తొందరగా వచ్చిన పిల్లకు మాట ఆలస్యంగా వస్తుందని ఎవరో అన్నారు. తల్లి ఆ మాటను పట్టుకుని వేలాడింది. మొదట్లో ఆ, ఊ అని ఏదో ఒకటి పలికేది. రానురాను అదీ తగ్గింది. పదిహేనో నెల వచ్చేసరికి ఏదైనా కావాలంటే కొంగు పట్టుకుని లాగడమే, లేదంటే ఏడవడమే.

ఆ నెలలోనే గజంబద్ద వచ్చాడు. అసలు పేరు ఎవరికీ గుర్తులేని వడ్రంగి, మనిషి గజంబద్దకు కాళ్ళు వచ్చినట్టు ఉంటాడు. మామగారిని వరస కలిపి బావా అంటాడు. పాత రంపం అరిగిపోయి సగమైందని, కొత్తది కావాలని వచ్చాడు. కొడుకు అతని అరచేతిని కాగితం మీద పెట్టించి, పిడి కొలత కోసం చుట్టూ పెన్సిలుతో గీశాడు.

"మనిషివేమో తాటిచెట్టువి, చెయ్యేమో చంటిపిల్లాడిది," అన్నాడు కొడుకు.

"నోరు చూడలేదు నువ్వు. అది అన్నిటికంటే పెద్దది," అన్నాడు గజంబద్ద. తర్వాత వెనక్కి తిరిగి ఉన్న పెద్దాయనతో, "బావా, పళ్ళు కొంచెం సన్నంగా పెట్టు. తలుపుల పనికి కావాలి," అన్నాడు.

మామగారు పలకలేదు. గజంబద్ద ఆయన ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"ఏం బావా, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని."

"ఎల్లుండి రాకు. పది రోజులు పడుతుంది," అన్నారు మామగారు.

అడిగిందొకటి, చెప్పిందొకటి అని అందరూ నవ్వారు. పెద్దాయనకు పనిలో పడితే లోకం తెలియదని గజంబద్దే సర్దిచెప్పాడు. ఒక్క క్షణం ఆగి మామగారూ నవ్వారు. ఆ క్షణం కోడలికి తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

గజంబద్ద రంపానికి రేకు సిద్ధమై, పళ్ళు పెడుతున్న రోజు అది. కొడుకు పిడికి కొయ్య తేవడానికి కలప అడితికి వెళ్ళాడు. మామగారు కిటికీ వెలుగులో, గదికి వీపు పెట్టి కూర్చుని ఆకురాయి పని చేస్తున్నారు. కోడలు పిల్లను భుజాన వేసుకుని మధ్య గుమ్మంలో నిలబడి ఉంది. పిల్ల మెలకువగానే ఉంది, తల్లి మెడలోని గొలుసును నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

గోడకు, ఎత్తుగా, ఒక బద్దకు వరసగా వేలాడదీసిన రేకులు ఉంటాయి. పదకొండు. ఆ బద్ద ఒక కొసన మేకు ఊడింది. పదకొండు ఉక్కు రేకులూ ఒకదాని మీద ఒకటి జారుకుంటూ వచ్చి బండల నేల మీద పడ్డాయి.

ఆ చప్పుడుకు కోడలు కెవ్వుమన్నది. ఎదురింట్లో కుట్టుమిషను ఆగింది. "ఏమైందే?" అని మిషనక్క అరుపు వినిపించింది. వీధిలో పోతున్న ఎవరో సైకిలు దిగి లోపలికి తొంగి చూశారు.

పిల్ల గొలుసు చప్పరిస్తూనే ఉంది. కనురెప్ప కూడా వేయలేదు.

తల్లి పిల్ల మొహంలోకి చూసింది. అప్పుడు, ఆసరా కోసం చూసినట్టు, ఆ ఇంటికి చెవి అయిన మనిషి వైపు చూసింది. ఆయన వీపు కదలలేదు. ఆకురాయి ఆగలేదు. ఒక పన్ను, ఒకటి వదిలి ఇంకో పన్ను. ఒక పన్ను, ఒకటి వదిలి ఇంకో పన్ను.

"మామయ్యా," అన్నది.

ఆకురాయి నడుస్తోంది.

"మామయ్యా, కొలిమి దగ్గర గుడ్డ అంటుకుంది," అన్నది, లేనిదే కల్పించి.

ఆకురాయి నడుస్తూనే ఉంది.

మిషనక్కకు ఏం లేదని చెయ్యి ఊపి, పడిన రేకులను దాటుకుంటూ వెళ్ళి ఆయన ఎదుట నిలబడింది. ఆయన తలెత్తారు, ఆమె మొహం చూశారు, ఆమె వెనక నేల మీద పరుచుకున్న రేకులను చూశారు. చేతిలో ఆకురాయిని మెల్లగా బల్ల మీద పెట్టారు.

"ఎన్నాళ్ళ నుంచి మామయ్యా?"

ఆయన వీధి గుమ్మం వైపు చూశారు. తర్వాత గొంతు తగ్గించి అన్నారు. "ఎడమది అయిదేళ్ళయింది. కుడిది మూడేళ్ళు. మొదట్లో మోత కాస్త తెలిసేది, మాట తెలిసేది కాదు. ఇప్పుడు మోత కూడా లేదు."

"మరి రంపాలు?"

"దవడకు తెలుస్తుందమ్మా. ఎముకకు తెలుస్తుంది. ఇప్పటిదాకా ఒక్క రంపం వెనక్కి రాలేదు. కానీ చెవిటివాడు విని ఇచ్చిన రంపం అని తెలిస్తే ఎవరు కొంటారు?"

"నేను రంపం సంగతి అడగట్లేదు." ఆమె పిల్లను చూపించింది. "ఆ రోజు దీన్ని బల్ల మీద కూర్చోబెట్టి…"

"తిరిగింది కదమ్మా. నువ్వూ చూశావు. నేను అబద్ధం చెప్పలేదు."

ఆమె పిల్లను బల్ల మీద కూర్చోబెట్టి, వైసులో ఉన్న రేకును తానే సుత్తితో కొట్టింది. పిల్ల తిరిగింది. పిల్లను బల్ల మీంచి పైకెత్తి, గాలిలో, తన రెండు చేతుల మధ్య పట్టుకుంది. "ఇప్పుడు కొట్టండి," అన్నది. ఆయన కొట్టారు. గట్టిగా కొట్టారు. ఇంకా గట్టిగా కొట్టారు. పిల్ల కాళ్ళు ఆడిస్తూ, తాత చేతిలోని సుత్తి కోసం చెయ్యి చాచింది, అంతే.

"బల్ల చెప్పింది దానికి," అన్నది తల్లి. "కొయ్యలోంచి వెళ్ళి దాని ఒంటికి తగిలింది. మీ దవడకు తగిలినట్టు."

ఆయన బల్ల వైపు చూశారు. నలభై ఏళ్ళుగా చెయ్యి ఆనించిన బల్ల.

"ఆ రోజు నాకు తెలియదమ్మా. ఒట్టు."

"తర్వాత?"

ఆయన సుత్తిని బల్ల మీద పెట్టారు.

"తర్వాత ఎప్పుడైనా తెలిసిందా మామయ్యా?"

"పదో నెలలో అనుకుంటా," అన్నారు. "నువ్వు దాన్ని ఒళ్ళో వేసుకుని జోల పాడుతున్నావు. అది నీ కళ్ళ వంక చూడట్లేదు. పెదాల వంక చూస్తోంది. నేను చూసినట్టే. పెదాలు చూసి బతికేవాడికి ఇంకొకరు చూస్తుంటే తెలిసిపోతుంది. నా భ్రమ అనుకున్నాను. భ్రమే అయితే బాగుండునని…"

"నాకొక్క మాట చెప్పి ఉంటే?"

"నీకెలా తెలుసని అడుగుతారు కదమ్మా."

ఆమె పిల్లను మళ్ళీ భుజాన వేసుకుంది. ఆయనే మళ్ళీ అన్నారు. "వాడికి నేనే చెబుతాను. నువ్వు చెప్పకు."

మర్నాడే ఆస్పత్రికి వెళ్ళారు. పిల్ల నిద్రపోయేదాకా ఆగి, తలకు వైర్లు అంటించి, ఒక చిన్న మిషను ముందు అరగంట కూర్చున్నారు. తెరమీద గీత ఒకటి నడుస్తోంది. దాని వంకర ఎప్పుడు పెరుగుతుందా అని తల్లి కళ్ళార్పకుండా చూసింది. అది చదునుగా పోతూనే ఉంది. డాక్టరమ్మ చిన్న వయసుదే. పుట్టుకతోనే వినికిడి లేదన్నది. రెండు చెవులూ.

"మా ఇంట్లో మోతండి. రంపాల పని. ఆ సుత్తి వల్లనా?" అని భర్త అడిగాడు.

"కాదు. మోత వల్ల కాదు. మీకెవరికీ ఇంతకాలం అనుమానం రాలేదా?"

"వచ్చిందండి, ఏడో నెలలో," అన్నది తల్లి. "ఇంట్లో పెద్దాయన వింటోందన్నారు."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. మాట నేర్చుకునే వయసు చాలా చిన్నదని, ఏడో నెలలోనే తెచ్చి ఉంటే దారి వేరుగా ఉండేదని, పదో నెలలో తెచ్చినా కొంత నయమని, ఇప్పుడు మొదలుపెట్టినా ఎంత మాట వస్తుందో తను చెప్పలేనని మెత్తగా చెప్పింది. ముందు చెవి వెనక పెట్టే మిషను ఇస్తామన్నది. మాట నేర్పడానికి వారానికి రెండుసార్లు తీసుకురమ్మన్నది. ఎదురుగా కూర్చుని, మొహం కనిపించేలా మాట్లాడమన్నది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో భర్త కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "నువ్వు ముందే అన్నావు. నేనే చెవిన పెట్టలేదు. నాన్ననేం అనగలం, పెద్దాయన పొరబడ్డాడు."

నాలుక చివరిదాకా వచ్చింది ఆమెకు. పదో నెల, పదకొండో నెల, పన్నెండు, పదమూడు, పద్నాలుగు. వేళ్ళ మీద లెక్కపెట్టి, గుప్పిట మూసింది. తండ్రి చెవి మీద ఇల్లు కట్టుకుని బతుకుతున్న మనిషి అతను. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. పైగా ఆయనే చెబుతానన్నారు కదా.

ఆయన చెప్పలేదు. ఒక రోజు, రెండు రోజులు, వారం. గజంబద్ద రంపం ముందు పెట్టుకుని కూర్చున్నారు గానీ చేతిలో పని సాగలేదు. పన్ను పన్నుకూ ఆగిపోయేవారు. గుండ్రాయి అని పిలవడం మానేశారు. వేరే పేరు నోటికి రాక, అసలు పిలవడమే మానేశారు. అన్నం దగ్గర కొడుకు ఏదైనా అడిగితే తల ఊపి లేచిపోయేవారు. పిల్ల చెవి వెనక మిషను వచ్చింది. పిల్ల దాన్ని పీకి నోట్లో పెట్టుకునేది. తల్లి కడిగి మళ్ళీ పెట్టేది. రోజుకు ఇరవైసార్లు.

ఆ రోజుల్లోనే కోడలికి కొత్త అలవాటు ఒకటి మొదలైంది. నీళ్ళు తీసుకెళ్ళేటప్పుడు, గది ఊడ్చేటప్పుడు, మామగారి వీపు వెనక నిలబడి మాట్లాడేది. గొంతు పెంచేది కాదు, ఊరి కబుర్లు చెప్పినట్టు చెప్పేది. నా బిడ్డ బతుకులో అయిదు నెలలు తినేశారు మామయ్యా. మీ పేరు కోసం తినేశారు. అది అమ్మా అనకుండా పెరిగితే ఎవరిని అడగాలి నేను? ఎదురుగా నిలబడితే మామయ్యా, అన్నం తింటారా అని తప్ప నోట మాట వచ్చేది కాదు. వీపు ఏమీ అనదు. రోజూ అలా కొంత దించుకుని లోపలికి పోయేది. అది మంచి పని కాదని ఆమెకూ తెలుసు. వినలేనివాడితో వెనక నుంచి మాట్లాడటం ఎలాంటిదో ఇప్పుడు ఆ ఇంట్లో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

పదో రోజు సాయంత్రం పిడి బిగించారు. కొడుకు ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, అవిసె నూనె పట్టించిన పిడి. గజంబద్ద చిన్న అరచేతికి సరిపోయేలా చెక్కింది. ఇత్తడి మరలు నాలుగూ బిగించి, కొడుకు మూలన తన పీట మీద కూర్చుని పొట్టు ఎత్తుతున్నాడు. మామగారు రంపాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు. పిల్ల బల్ల మీద, ఆయనకు ఎదురుగా, ఒక ఖాళీ మరల డబ్బాతో ఆడుకుంటోంది. కోడలు చీపురు పట్టుకుని ఆయన వెనకకు వచ్చింది.

"నాకు మిమ్మల్ని చూస్తే అన్నం సహించట్లేదు మామయ్యా," అన్నది మెల్లగా. "మీరు చచ్చిపోతారు. అది బతకాలి. ఈ లోకంలో ఇంకా యాభై అరవై ఏళ్ళు బతకాలి అది, ఒక్క మాట వినకుండా."

ఆయన భుజం మీదుగా పిల్ల తన తల్లి మొహం చూసింది. ఆ మొహంలో ఏముందో గానీ, డబ్బా వదిలేసింది. కింది పెదవి ముందుకొచ్చింది, వణికింది. చప్పుడు లేకుండా ఏడుపు మొదలైంది.

మామగారు పిల్ల మొహం చూశారు. తర్వాత వెనక్కి తిరిగారు.

కోడలు చీపురుతో అలాగే నిలబడిపోయింది.

"ఏమన్నావమ్మా?"

"ఏం లేదు మామయ్యా."

"అన్నావు. దాని మొహంలో కనిపించింది." ఆయన పీటను ఆమె వైపు తిప్పుకుని కూర్చున్నారు. "నా ఎదురుగా చెప్పు. మెల్లగా చెప్పు, నాకు అందేలా."

మూలన కొడుకు పొట్టు ఎత్తడం ఆపి ఇద్దరినీ చూశాడు. ఏం జరుగుతోందో అతనికి అర్థం కాలేదు. కోడలు పిల్లను ఎత్తుకోబోయింది, ఆగింది. పారిపోవడానికి దారి ఉంది, గుమ్మం వెనకే ఉంది. ఆమె కదల్లేదు. చెప్పింది. మొదటి మాట నుంచి, అంతా. పెదాలు కనిపించేలా, ఒక్కో మాట విడివిడిగా. అయిదు నెలలన్నది. మీ పేరు కోసమన్నది. చచ్చిపోతారన్న మాట కూడా దాచలేదు. అలా చెప్పడం వీపుకు చెప్పినట్టు లేదు. చాలా కష్టంగా ఉంది.

ఆయన రెప్ప వేయకుండా ఆమె పెదాలను చూస్తూ, చివరిదాకా విన్నారు.

"సరే," అన్నారు.

తర్వాత రంపాన్ని రెండు చేతులతో ఎత్తి కొడుకు వైపు చాచారు.

"ఇది పాడిందో మూలిగిందో నువ్వు విని చెప్పరా. నాకు వినపడదు. మూడేళ్ళయింది. పిల్ల సంగతి నాకు పదో నెలలోనే తెలుసు. నా గుట్టు బయటపడుతుందని నోరు మూసుకున్నాను."

కొడుకు లేచి వచ్చాడు. తండ్రి మొహం చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు. రంపం అందుకున్నాడు. చేతులు తమకు తెలిసిన పని చేశాయి. పిడి పైకొమ్మును దవడకు ఆనించుకున్నాడు.

తండ్రి చెయ్యి చాచి, ఆ రంపాన్ని కొడుకు దవడ మీంచి మెల్లగా కిందికి దించారు.

"అక్కడ కాదురా. అది చెవిటివాడి పద్ధతి. నీకు చెవులున్నాయి."

కొడుకు రంపాన్ని ఒంటికి తగలకుండా పట్టుకుని, కొస వంచి, కణుపుతో కొట్టాడు. అది మోగింది. సన్నగా, తెగకుండా, చాలాసేపు. ఎదురింటి కుట్టుమిషను చప్పుడు దాటి వీధిలోకి పోయింది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ముసలాయన కొడుకు మొహంలోకి చూస్తున్నారు. బల్ల మీద పిల్ల తన తల్లి మొహంలోకి చూస్తోంది. ఏం జరిగిందో ఎవరో ఒకరు చెబితే తప్ప తెలియని ఇద్దరు.

కోడలు చీపురు గోడకు ఆనించి, ముందు మామగారి ఎదుటికి వచ్చి వంగింది.

"పాడింది మామయ్యా," అన్నది మెల్లగా.

తర్వాత పిల్ల దగ్గరికి వెళ్ళి, దాని చెవి వెనక జారిన మిషనును సర్ది, దాని కన్నీళ్ళు తుడిచి, మొహం మొహానికి దగ్గరగా పెట్టి అదే మాట చెప్పింది. పిల్ల ఆమె పెదాల వంక చూసింది. మళ్ళీ చెప్పింది. పిల్ల చూస్తూనే ఉంది.